ఎం.ఆర్క్ ఇక్కడా, విదేశంలోనా? గోదావరి జిల్లాల విద్యార్థికి ముందుచూపు

బి.ఆర్క్ (ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ) నాలుగో ఏడాదికి వచ్చిన పిల్లలున్న ఇళ్లలో, అమలాపురమైనా భీమవరమైనా, ఆపై పీజీ అయిన ఎం.ఆర్క్ గురించి మొదట వినిపించే ప్రశ్న "ఎం.ఆర్క్‌కి ఏ కాలేజీ మంచిది?" అన్నది. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, ఫీజు ఎవరు కడతారు? రెండోది, చదువయ్యాక ఎక్కడ పని చేస్తారు? ఈ రెండూ తేలితే కాలేజీల జాబితా దానంతటదే ఐదారుకు తగ్గుతుంది. తేలకపోతే ఎన్ని ర్యాంకింగులు చూసినా ఉపయోగం లేదు.

ఫీజు ప్రశ్న ముందుకు రావడానికి ఇంకో కారణం ఉంది. డబ్బిచ్చే వాళ్ల గడువులు చాలాసార్లు సీటిచ్చే వాళ్ల గడువులకన్నా ముందే ముగుస్తాయి. మార్చిలో సీటు వచ్చాక స్కాలర్‌షిప్ కోసం వెతకడం, నారు పోయకుండా నాట్లకు కూలీలను పిలవడం లాంటిది. అందుకే ఈ పోలికలో దేశాల కన్నా, ర్యాంకుల కన్నా తేదీలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అసలు ఎం.ఆర్క్ ఎందుకు?

ఐదేళ్ల బి.ఆర్క్ పూర్తిచేసి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైతే, 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం మీరు ఆర్కిటెక్టే. ఎం.ఆర్క్ చేసినంత మాత్రాన ఆ హక్కు పెరగదు, చేయనంత మాత్రాన తరగదు. కాకినాడలోనో తణుకులోనో సొంత ఆఫీసు పెట్టి ఇళ్లు, కల్యాణ మండపాలు, ఆసుపత్రులు కట్టాలన్నదే కోరికైతే, రెండేళ్ల ఎం.ఆర్క్ కన్నా ఒక మంచి ఆఫీసులో రెండేళ్ల సైటు పని ఎక్కువ పనికొస్తుంది. ఈ మాట కాలేజీలు చెప్పవు.

ఎం.ఆర్క్ అవసరమయ్యే సందర్భాలు మూడు కనిపిస్తాయి. పాఠం చెప్పాలనుకునేవారికి అది తప్పనిసరి, ఎందుకంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు బి.ఆర్క్‌తో పాటు ఎం.ఆర్క్ కూడా అడుగుతారు. ఆలయ పరిరక్షణ, ల్యాండ్‌స్కేప్, అర్బన్ డిజైన్ వంటి ప్రత్యేక రంగంలోకి మళ్లాలనుకునేవారికి అది తలుపు తెరుస్తుంది. విదేశంలో స్థిరపడదలచినవారికి అక్కడి డిగ్రీ మొదటి మెట్టు. ఈ మూడింటిలో మీది ఏదో ఒక వాక్యంలో రాయలేకపోతే దరఖాస్తు ఒక ఏడాది వాయిదా వేయడమే మేలు. దరఖాస్తుతో పంపే ఉద్దేశ పత్రంలో ఎలాగూ ఆ వాక్యమే రాయాలి.

సివిల్ ఇంజనీరింగ్ చేసినవారు కూడా ఎం.ఆర్క్ గురించి అడుగుతుంటారు. మన దగ్గర ఎం.ఆర్క్‌కు బి.ఆర్క్ ఉండాలి. అయితే ఎం.ప్లాన్ (నగర, ప్రాంతీయ ప్రణాళికలో పీజీ) కోర్సులకు సివిల్ ఇంజనీర్లనూ తీసుకుంటారు. అమెరికాలో ఏ డిగ్రీ ఉన్నవారైనా చేరగలిగే మూడేళ్లు, మూడున్నరేళ్ల ఎం.ఆర్క్ ఉంది. కానీ దాన్ని పూర్తిచేసి తిరిగొచ్చి ఇక్కడ ఆర్కిటెక్ట్ అన్న పేరు పెట్టుకోవాలంటే కౌన్సిల్ ఆ డిగ్రీని గుర్తించాలి. ఆ సంగతి చేరకముందే కౌన్సిల్‌కు రాసి తెలుసుకోవాలి.

వెంటనేనా, రెండేళ్లు పనిచేశాకా?

నా మొగ్గు పనిచేశాక వైపే. ఇందులో పరిపక్వత గురించిన ఉపదేశమేమీ లేదు, ఇది డబ్బు లెక్క. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని, అంటే 2,800 గంటల అనుభవం చూపాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్ల పూర్తికాలపు ఉద్యోగ అనుభవం ఉండాలి. జర్మనీ డాడ్ సంస్థ మాత్రం ఇంకో వైపు నుంచి గీత గీస్తుంది: చివరి డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు. ఈ మూడూ కలిపి చూస్తే బి.ఆర్క్ తర్వాత మూడో ఏడాది నుంచి ఐదో ఏడాది వరకు మంచి కాలం. దానికి ముందు వెళితే కొన్ని తలుపులు ఇంకా తెరుచుకోవు, తర్వాత వెళితే కొన్ని మూసుకుపోతాయి.

ఇక్కడి పీజీ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష సంగతి వేరు. మూడో ఏడాది చదువుతున్నప్పటి నుంచే ఆ పరీక్ష రాయవచ్చు. ఫలితం వెలువడిన నాటి నుంచి స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సిద్ధాంత విషయాలు, భవన నిర్మాణ సేవలు, నగర ప్రణాళిక చరిత్ర తాజాగా ఉన్న చివరి ఏడాదిలోనే గేట్ రాసేయండి. స్కోరు చేతిలో పెట్టుకుని ఉద్యోగంలో చేరండి. ఆ మూడేళ్లలో విదేశీ దరఖాస్తులు ఫలిస్తే సరే, ఫలించకపోతే స్కోరు ఉండనే ఉంది. ఇక్కడి దారిని, బయటి దారిని రెండింటినీ తెరిచి ఉంచే ఏర్పాటు ఇంతకన్నా చవకగా ఇంకొకటి దొరకదు.

దేశంలోనే చదవాలనుకుంటే

గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరు కోడ్ ఏఆర్. మొత్తం 100 మార్కులు, మూడు గంటలు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వి. అందరికీ ఉమ్మడిగా ఒక భాగం ఉంటుంది. ఆ తర్వాత ఆర్కిటెక్చర్, ప్లానింగ్ భాగాల్లో ఒకటి ఎంచుకోవచ్చు. నమోదు ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో మొదలవుతుంది, పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితం మార్చిలో.

స్కోరు వచ్చాక ఐఐటీలకు విడివిడిగా దరఖాస్తు చేసి, సీటు ప్రతిపాదనలను ఐఐటీల ఉమ్మడి కోప్ పోర్టల్‌లో చూసుకోవాలి. ఎన్‌ఐటీలు, స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ల (ఎస్‌పీఏల) సీట్లు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా నిండుతాయి. గేట్ అర్హతతో ఇలాంటి సంస్థల్లో చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. ఫీజు తక్కువ, నెలనెలా ఎంతో కొంత డబ్బు, అప్పు లేకుండా బయటపడే అవకాశం. మధ్యతరగతి ఇంటికి ఇంతకన్నా నిశ్చింత అయిన దారి లేదు.

డెల్టా విద్యార్థికి అందరికన్నా దగ్గరిది విజయవాడ ఎస్‌పీఏ. 2008లో ప్రారంభమై, 2014 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. సస్టైనబుల్ ఆర్కిటెక్చర్, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్, ఆర్కిటెక్చరల్ కన్జర్వేషన్‌లలో ఎం.ఆర్క్ ఉంది. పర్యావరణ ప్రణాళిక, పట్టణ-ప్రాంతీయ ప్రణాళికల్లో ఎం.ప్లాన్ ఉంది. దగ్గరగా ఉండటమంటే ఆదివారం ఇంటికి రావడం అని మాత్రమే అనుకోకండి. థీసిస్ విషయం కోనసీమలోనో కొల్లేరు అంచునో ఉంటే, వారానికోసారి స్థలానికి వెళ్లి కొలతలు తీసుకోగలగడం ఢిల్లీలో ఉన్నవాళ్లకు దొరకని సౌకర్యం.

ఢిల్లీ ఎస్‌పీఏలో అర్బన్ డిజైన్, కన్జర్వేషన్, ల్యాండ్‌స్కేప్ విభాగాలకు పాతకాలపు పేరు, పెద్ద పూర్వ విద్యార్థుల బలగం ఉన్నాయి. దేశ రాజధానిలోని పెద్ద ఆఫీసుల్లో, ప్రభుత్వ సంస్థల్లో పని కావాలంటే అదే మేలు. పరిశోధన వైపు మనసుంటే రూర్కీ ఐఐటీ ఎం.ఆర్క్‌ను, నగర ప్రణాళిక అయితే ఖరగ్‌పూర్ ఐఐటీ మాస్టర్ ఆఫ్ సిటీ ప్లానింగ్‌ను చూడండి.

అహ్మదాబాద్‌లోని సెప్ట్ వేరే కోవకు చెందింది. 1962లో బాలకృష్ణ దోషి ప్రారంభించిన స్కూల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నుంచి ఎదిగిన విశ్వవిద్యాలయం అది. ప్రవేశాలకు తన సొంత పద్ధతి పాటిస్తుంది. స్టూడియో వాతావరణంలో దానికి సాటి తక్కువ, కానీ ఫీజు ప్రభుత్వ సంస్థలకన్నా బాగా ఎక్కువ. అప్పు చేసి చదవాల్సి వస్తే, అదే అప్పుకు విదేశంలో ఏమి దొరుకుతుందో కూడా చూసి పోల్చుకోండి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్ ఆఫీసులో ఇప్పటికే పనిచేస్తూ అక్కడే ఉండిపోదలచినవారు పరిశీలించవచ్చు.

ఎం.ఆర్క్, ఎం.ప్లాన్ ఒకటే అనుకుని ఏది వస్తే అది చేరేవారు కొందరున్నారు. అది పెద్ద పొరపాటు. పట్టణ ప్రణాళిక విభాగాల ఉద్యోగాలకు ఎం.ప్లాన్‌కు విలువ ఉంటుంది. ఆర్కిటెక్చర్ కాలేజీలో డిజైన్ స్టూడియో నడపాలంటే ఎం.ఆర్క్ కావాలి. రెండేళ్లు చదివాక ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదు.

విదేశమైతే ఏ దేశం

అమెరికా. ఐదేళ్ల బి.ఆర్క్ ఉన్నవారికి అక్కడ రెండు రకాల కోర్సులు ఉంటాయి. ఒకటి, వృత్తి డిగ్రీ తర్వాత చేసేది: ఎంఐటీలో రెండేళ్ల ఎస్‌ఎమ్‌ఆర్క్‌ఎస్, కొలంబియాలో మూడు సెమిస్టర్ల అడ్వాన్స్‌డ్ ఆర్కిటెక్చరల్ డిజైన్ వంటివి. ఇవి తక్కువ కాలం పడతాయి, మేధకు పదును పెడతాయి. కానీ వీటితో నేరుగా అక్కడి లైసెన్సు దారి తెరుచుకోదు. రెండోది, నాబ్ (ఆర్కిటెక్చర్ డిగ్రీలకు గుర్తింపునిచ్చే అక్కడి బోర్డు) గుర్తింపు ఉన్న ఎం.ఆర్క్. అక్కడ లైసెన్సు తీసుకుని స్థిరపడాలన్నవారికి ఇదే సూటి దారి. మన బి.ఆర్క్ చూసి కొన్ని విశ్వవిద్యాలయాలు ఒక ఏడాది తగ్గిస్తాయి, దాన్ని దరఖాస్తుకు ముందే అడగాలి. పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజే ఏడాదికి 50 వేల డాలర్లు దాటుతుంది. చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు పనిచేయవచ్చు. కోర్సుకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) గుర్తింపు ఉంటే ఇంకో 24 నెలలు కలుస్తాయి. ఒకే విశ్వవిద్యాలయంలో ఒక కోర్సుకు స్టెమ్ ఉండి పక్క కోర్సుకు లేకపోవచ్చు. అప్పు తీర్చే లెక్కంతా ఆ ఒక్క పదం మీద ఆధారపడుతుంది. ఆ తర్వాతి హెచ్-1బీ ఉద్యోగ వీసా ఎలాగూ లాటరీ, దాని మీద లెక్కలు కట్టకూడదు.

బ్రిటన్. అక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఏడాదిలో పూర్తయ్యే ఎంఏ, ఎంఎస్‌సీ కోర్సులకూ, వృత్తి శిక్షణలో భాగంగా పార్ట్ 2 (ఆర్కిటెక్టు నమోదుకు ఉన్న మూడు మెట్లలో రెండోది) గుర్తింపు ఉన్న రెండేళ్ల ఎం.ఆర్క్‌కూ సంబంధం లేదు. ఆర్కిటెక్టుగా అక్కడ నమోదు కావాలంటే మొదటి రకం చాలదు. ఇండియా తిరిగొచ్చి పరిరక్షణలోనో పట్టణ రూపకల్పనలోనో పనిచేసే ఆలోచనైతే ఆ ఏడాది కోర్సు చవక, చక్కన. చదివాక ఉండే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలకు తగ్గుతుంది. ఇప్పుడు నాలుగో ఏడాదిలో ఉన్నవారు కొత్త లెక్కే వేసుకోవాలి.

జర్మనీ. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. అయితే స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివారు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాలం నుంచి కొత్తగా చేరే విదేశీయులకు ఫీజు పెట్టింది. "జర్మనీలో ఉచితం" అని పెళ్లి భోజనాల దగ్గర చెప్పే బంధువులకు ఈ రెండూ తెలియవు. ఫీజు లేకపోయినా ఏడాది ఖర్చుగా 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేసి చూపాలి. మన విద్యార్థులకు 2022 నవంబరు నుంచి, మన సర్టిఫికెట్లను సరిచూసి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి. అది రావడానికి వారాలు పడుతుంది. అన్నిటికన్నా పెద్ద విషయం భాష. ఆంగ్లంలో కోర్సులు ఉన్నాయి, కానీ మునిసిపల్ నిబంధనలు, కాంట్రాక్టరుతో మాటలు అన్నీ జర్మన్‌లోనే. ఆఫీసులో ఉద్యోగం కావాలంటే బీ2 స్థాయి జర్మన్ వచ్చి ఉండాలి. అది ఏడాదిన్నర ముందు మొదలుపెట్టాల్సిన పని. అక్కడికి వెళ్లాక నేర్చుకుందాంలే అనుకుంటే కుదరదు.

నెదర్లాండ్స్. డెల్టా పిల్లలకు నేను పట్టుబట్టి చూపించే చోటు ఇదే. డెల్ఫ్ట్‌లోని టెక్నికల్ యూనివర్సిటీలో రెండేళ్ల ఎంఎస్‌సీలో ఆర్కిటెక్చర్, అర్బనిజం, బిల్డింగ్ టెక్నాలజీ, ల్యాండ్‌స్కేప్ వంటి విభాగాలున్నాయి. సముద్ర మట్టం కన్నా లోతున ఉన్న నేలల మీద బతకడం ఆ దేశపు రోజువారీ పని. గట్లు పెంచుకుంటూ పోవడం మాని నదికే చోటు వదిలే 'రూమ్ ఫర్ ది రివర్' పథకాన్ని ఆ దేశం అమలు చేసింది. 1986 ఆగస్టు వరద చూసిన లంక గ్రామాల మనిషికి ఆ ఆలోచన ఎంత విప్లవాత్మకమో వేరే చెప్పనక్కరలేదు. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు పాలకొల్లు, నరసాపురం వైపు వర్తకానికి వచ్చారు. ఇప్పుడు మనం అక్కడికి నీటి సంగతులు నేర్చుకోవడానికి వెళ్లడం న్యాయంగానే ఉంది. ఇక కష్టాలు: ఫీజు ఏడాదికి 20 వేల యూరోలు దాటుతుంది, మార్కుల సగటు ఎక్కువగా అడుగుతారు, యూరప్ బయటివారికి గడువు జనవరి 15.

ఇటలీలోని మిలన్ పాలిటెక్నిక్ కోర్సులు ఆంగ్లంలో ఉన్నాయి. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు నిర్ణయిస్తారు, అత్యధికంగా కూడా ఏడాదికి సుమారు 4 వేల యూరోల లోపే. ఆదాయం తక్కువైతే ప్రాంతీయ ప్రభుత్వ స్కాలర్‌షిప్ కూడా వస్తుంది. అయితే ఆదాయ, ఆస్తి పత్రాలకు అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే) ముద్ర, ఇటాలియన్ అనువాదం కావాలి. రెండెకరాల రైతు బిడ్డకు కాగితాల మీద ఓపిక ఉంటే జర్మనీ కన్నా ఇది చవకగా తేలవచ్చు. ఆస్ట్రేలియా గురించి ఒక్క మాట చాలు: ఫిబ్రవరి, జూలై రెండు ప్రవేశాలు ఉండటం దాని సౌలభ్యం, ఖర్చు దాని అసౌలభ్యం.

స్కాలర్‌షిప్‌కు షరతు ఉంటుంది

డబ్బు ఇచ్చేవారు తిరిగి రమ్మంటారా లేదా అన్నది ముందు చూడాలి. చీవ్‌నింగ్ తీసుకుంటే చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ఫుల్‌బ్రైట్‌కూ అలాంటి రెండేళ్ల నిబంధనే ఉంది. పైగా ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌లో వారసత్వ పరిరక్షణ, పట్టణ-ప్రాంతీయ ప్రణాళిక వంటి రంగాలున్నాయి కానీ మామూలు డిజైన్ ఎం.ఆర్క్‌కు చోటు లేదు. ద్రాక్షారామం, సామర్లకోట ఆలయాల పరిరక్షణ మీద మనసున్నవారికి ఇవి సరిగ్గా సరిపోతాయి, ఎలాగూ తిరిగి వచ్చేవారే కదా. అక్కడ మూడేళ్లు పనిచేసి అప్పు తీర్చాలనుకునేవారికి ఇవే స్కాలర్‌షిప్పులు ఉరిగా మారతాయి.

డాడ్‌కు ఆర్కిటెక్చర్ పట్టభద్రుల కోసం ప్రత్యేకమైన స్కాలర్‌షిప్ ఉంది, గడువు సాధారణంగా సెప్టెంబరు చివర. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ షెడ్యూల్డ్ కులాలతో పాటు భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు కూడా వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం ఉండాలి. చేనేత, కుమ్మరి, వడ్రంగి ఇళ్లలోని పిల్లల్లో దీని గురించి తెలిసినవారు చాలా తక్కువ. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది స్కాలర్‌షిప్ అనిపించుకునే రుణం, తిరిగి కట్టాలి.

సార్వా, దాళ్వాలతో పక్కపక్కన పెట్టి చూస్తే

తేదీలన్నీ ఒక ఏడాది మీద పరిచి, పక్కన ఇంట్లో డబ్బు వచ్చే నెలలు రాసుకోండి. ఫుల్‌బ్రైట్ గడువు మేలో. ఆగస్టు, సెప్టెంబరుల్లో గేట్ నమోదు, చీవ్‌నింగ్, డాడ్ ఒకదాని మీద ఒకటి పడతాయి. అదే సమయంలో గోదావరికి వరద, నాట్ల పెట్టుబడి, ఇంట్లో చేతిలో డబ్బు ఉండని కాలం. అందుకని ఐఈఎల్‌టీఎస్ రాయడం, ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించుకోవడం జూన్ లోపే పూర్తి చేసుకోవాలి. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది కాబట్టి తొందరపడినా నష్టం లేదు.

అమెరికా దరఖాస్తులు డిసెంబరు నుంచి జనవరి మధ్య ముగుస్తాయి. ఒక్కో దరఖాస్తుకు వేల రూపాయల రుసుము. సార్వా కోత డబ్బు అప్పుడే చేతికొస్తుంది కాబట్టి ఇక్కడ పెద్ద ఇబ్బంది ఉండదు. ఇబ్బంది ఏప్రిల్‌లో. సీటు ఖాయం చేసుకోవడానికి డిపాజిట్ అడిగేది అప్పుడే. దాళ్వా ధాన్యం అప్పటికి కళ్లంలో ఉంటుంది, డబ్బు ఖాతాలో పడదు. ఆ డిపాజిట్‌ను సార్వా డబ్బులోంచే తీసి పక్కన పెట్టుకోండి.

బ్యాంకు, ఇంటిపేరు

విద్యారుణానికి వెళ్లినప్పుడు డెల్టా కుటుంబాలకు ఎదురయ్యే చిక్కు ఆస్తి లేకపోవడం కాదు, ఉన్న ఆస్తి బ్యాంకు అడిగే రూపంలో లేకపోవడం. పెద్ద మొత్తానికి తనఖా అడిగే బ్యాంకుల్లో చాలావరకు సాగుభూమిని తీసుకోవు. ఊళ్లో డాబా ఉంటుంది, కానీ అది గ్రామకంఠంలో ఉంటే చాలాసార్లు రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు. తండ్రికి ఆదాయం ఉంటుంది, కానీ వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్నులు వేసి ఉండరు. సహ దరఖాస్తుదారు రెండు మూడేళ్ల రిటర్నులు చూపమంటే తెల్లమొహం వేయాల్సి వస్తుంది. నాలుగో ఏడాదిలోనే తండ్రో తల్లో వ్యవసాయ ఆదాయాన్ని మినహాయింపు కింద చూపుతూ రిటర్నులు వేయడం మొదలుపెడితే, మీరు దరఖాస్తు చేసేనాటికి మూడు తయారవుతాయి. తాలూకా కేంద్రంలోనో పట్టణంలోనో దస్తావేజులున్న స్థలం మేనమామ పేరు మీద ఉంటే, ఆయనను జామీను అడిగే సంభాషణ కూడా ముందే జరగాలి. సీటు వచ్చాక అడిగితే అది బలవంతంలా ఉంటుంది.

దేశంలో చదివేవారికి 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-విద్యాలక్ష్మి పథకం కింద ఎంపికచేసిన ఉన్నత సంస్థల్లో తనఖా, జామీను లేని రుణం దొరుకుతుంది. ఈ చిక్కులన్నీ లేకుండా పోవడం కూడా ఇక్కడే చదవడానికి ఒక కారణం.

ఇంటిపేరు సంగతి చిన్నగా కనిపిస్తుంది కానీ నెలలు తినేస్తుంది. పదో తరగతి ధ్రువపత్రంలో పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, డిగ్రీ మెమోలో ఇంకో క్రమం. ఏపీఎస్ అయినా, బ్యాంకైనా, వీసా అధికారైనా ఈ మూడూ ఒకే మనిషివని రుజువు అడుగుతారు. అన్నిటికీ పదో తరగతి పత్రమే మూలం. దాన్ని చూసి పాస్‌పోర్టు, డిగ్రీ సరిచేయించుకోవడం మూడో ఏడాది సెలవుల్లో చేయాల్సిన పని.

పోర్ట్‌ఫోలియో

పోర్ట్‌ఫోలియో అంటే దరఖాస్తుతో పంపే మీ పనుల సంకలనం. ఇక్కడ కాలేజీ జ్యూరీ చూసేది వేరు, ప్రవేశాల కమిటీ చూసేది వేరు. ఐదేళ్ల షీట్లన్నీ కుట్టి పంపేవారిదీ, అందమైన రెండర్లు (కంప్యూటర్‌లో చేసిన భవన చిత్రాలు) మాత్రమే పంపేవారిదీ ఒకటే గతి. నాలుగైదు ప్రాజెక్టులు చాలు. అందులో ఒకటి మీ నేల మీదిది కావాలి, కానీ జ్ఞాపకాల ఆల్బమ్‌లా ఉండకూడదు. మండువా లోగిలిని కొలిచి గీయడం మంచి పనే. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఆ మండువాలో పడే వాన గీతలు గీసి, పాత రోజులు బాగుండేవని రాసి పంపుతూనే ఉంటారు. దాని బదులు ప్రశ్న అడగండి. గూన పెంకు కప్పు తీసి స్లాబు ఎందుకు వేస్తున్నారు? కొత్త పెంకు దొరక్కా, నేసేవారు దొరక్కా, 1996 నవంబరు తుపాను భయమా? స్లాబు వేశాక మే నెలలో ఆ గదిలో ఉష్ణోగ్రత ఎంత, పాత కప్పు కింద ఎంత? థర్మామీటరు పట్టుకుని పది రోజులు కొలిచిన ఒక పేజీ పది రెండర్లకు సమానం.

ఆ ప్రశ్నే మీ కోర్సును కూడా ఎంచి పెడుతుంది. వేడి గురించి అయితే సస్టైనబుల్ ఆర్కిటెక్చర్, బిల్డింగ్ టెక్నాలజీ. ఉప్పాడ తీరపు కోత, వరి పొలాలను మింగుతున్న రొయ్యల చెరువులు, లంకల వరద అయితే ల్యాండ్‌స్కేప్ లేదా అర్బనిజం. ధవళేశ్వరం దగ్గరి పాత లాకులు, యానాంలో ఫ్రెంచి కాలపు కట్టడాలు అయితే కన్జర్వేషన్. లంక గ్రామాల ఫోటోలు జూలై, ఆగస్టుల్లో ఒకసారి, నీరు దిగిన డిసెంబరులో ఒకసారి, అవే చోట్ల నిలబడి తీయాలి. అంటే ఏడాది ముందు మొదలుపెట్టనిదే ఆ రెండు ఫోటోలు ఒక పేజీలోకి రావు.

బృందంతో చేసిన పనిలో మీరు చేసిందేమిటో కచ్చితంగా రాయండి. ఆఫీసు డ్రాయింగులు వాడాలంటే యజమాని అనుమతి తీసుకోండి. చేత్తో గీసిన షీట్లను, మోడళ్ల ఫోటోలను సెమిస్టర్ అయిన వారంలోనే స్కాన్ చేసి దాచుకోండి. మన తేమకు ఒక వానాకాలం చాలు, అటక మీది షీట్లు బూజు పట్టడానికి. మిగిలినవాటిని చెదలు చూసుకుంటాయి.

సిఫారసు లేఖలు సాధారణంగా రెండు మూడు కావాలి. థీసిస్ గైడు ఒకరు, ఆఫీసు పెద్ద ఒకరు. పేరున్న ప్రిన్సిపాల్ రాసిన నాలుగు పొగడ్తల కన్నా, మీరు రాత్రంతా కూర్చుని సెక్షన్ మళ్లీ గీసిన సంగతి గుర్తున్న స్టూడియో అధ్యాపకురాలి లేఖ పనికొస్తుంది. కనీసం రెండు నెలల ముందు అడగండి, గడువుల పట్టిక, మీ పోర్ట్‌ఫోలియో కూడా ఇవ్వండి. కాలేజీ మారిపోయే అధ్యాపకుల సొంత ఈమెయిలు చివరి సెమిస్టర్‌లోనే తీసుకుని పెట్టుకోండి.

రెండు సీట్లు ఒకేసారి వస్తే

ఇదే చివరి చిక్కు, చాలామందికి తప్పనిది. అమెరికా విశ్వవిద్యాలయాలు ఎక్కువగా ఏప్రిల్ 15 లోపు జవాబు, డిపాజిట్ అడుగుతాయి. ఆ డిపాజిట్ సాధారణంగా వెనక్కి రాదు. సీసీఎంటీ సీట్లు తేలేది ఆ తర్వాతి నెలల్లో. అంటే ఎస్‌పీఏ సీటు వస్తుందో రాదో తెలియకుండానే విదేశానికి అవుననో కాదనో చెప్పాలి. అయినా పూర్తిగా చీకటేమీ కాదు. గేట్ స్కోరు మార్చిలోనే చేతికొస్తుంది. గత సంవత్సరాల్లో ఏ సంస్థలో ఏ కోర్సుకు ఎంత స్కోరు దగ్గర సీట్లు ఆగాయో సీసీఎంటీ వెబ్‌సైటులో ఉంటుంది. మీ స్కోరు గత రెండు మూడేళ్ల ఆఖరి స్కోరు కన్నా బాగా పైన ఉండి, విదేశీ సీటుకు స్కాలర్‌షిప్ రాకపోతే, ఆ డిపాజిట్ కట్టకండి. స్కాలర్‌షిప్ వచ్చి ఉంటే కట్టండి. స్కోరు అంచున ఉంటే, చేరికను ఒక ఏడాది వాయిదా వేయడానికి వీలుందా అని విదేశీ ప్రవేశాల కార్యాలయానికి ఏప్రిల్ మొదటి వారంలోనే రాయండి. వీలుందని లిఖితంగా జవాబు వస్తే, ఏ షరతుల మీదో చదువుకుని, ఆ ఏడాది ఉద్యోగంలో కొనసాగుతూ ఆగస్టులో స్కాలర్‌షిప్పులకు మళ్లీ దరఖాస్తు చేయవచ్చు.